వసారాలో ఆర్పిన లాంతరు

నిన్న రాత్రి ఉరుములతో వాన పడుతుంటే మా మనవరాలు బాల్కనీలో నిలబడి సెల్‌ఫోన్‌తో మెరుపులను ఫోటోలు తీస్తోంది. ఉరుములకు భయమేస్తోంది, లోపలికి రమ్మని గుమ్మంలోంచే పిలిచాను. డెబ్బై దాటిన తాతకు ఉరుమంటే భయమేమిటని అది నవ్వింది. నిజంగానే భయం, ఎందుకో దానికి ఎన్నడూ చెప్పలేదు.

మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో కెమెరాకు కొత్తల్లుడికి జరిగినంత మర్యాద జరిగేది. చిల్లకూరు దగ్గర మా పల్లెకు అక్కను దింపడానికి వచ్చిన బావగారు, వెళ్తూ వెళ్తూ తన కెమెరాను వారం రోజులకు నా చేతిలో పెట్టి, మెరుపును పట్టే కిటుకు కూడా చెప్పారు. చీకట్లో మీట నొక్కి పట్టుకుని మెరిసేదాకా వదలకూడదు, దగ్గర్లో ఇంకే వెలుగూ ఉండకూడదు. ఇరవై ఏళ్ళవాణ్ణి, కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టయింది.

మూడో రాత్రే గాలివాన పట్టుకుంది. నిమ్మతోటలో కట్టేసిన గేదెను తోలుకొస్తానని నాయన గోతం తలమీద కప్పుకుని వెళ్ళాడు. ఆయన చీకట్లో తోటకు వెళ్తే తిరిగొచ్చేదాకా వసారా గుంజకు లాంతరు వేలాడాల్సిందే. ఇంటికి కాస్త దూరంలో, దారి పక్కనే గట్టు లేని బావి ఉండేది కనుక ఆ వెలుగును గురిచూసుకునే నడిచేవాడు. అమ్మ మెరుపు పడకుండా అద్దానికి దుప్పటి కప్పి, లోపల మోకాళ్ళ మీద ప్రార్థనలో ఉంది. నేను కిటికీలో బియ్యం మూట మీద కెమెరా ఆనించి, ఒక్క నిమిషమే కదా అనుకుని, వెళ్ళి లాంతరు ఆర్పేశాను.

మెరిసింది. ఆ వెంటనే పడిన పిడుగుకు ఇల్లు కదిలిపోయింది. లాంతరు మళ్ళీ వెలిగిద్దామని పరుగెత్తితే, కంగారులో చేతిలోంచి అగ్గిపెట్టె జారి వసారా నీళ్ళలో పడింది. అమ్మతో చెప్పే ధైర్యం లేక, ఉరుముకూ ఉరుముకూ మధ్య నాయన దగ్గు వినబడుతుందేమోనని చెవులు రిక్కించి ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. అంత భయం మళ్ళీ నా జన్మలో పడలేదు. చివరికి గేదె మెడలో గంట వినిపించింది.

"లాంతరు ఆరిపోయిందేందిరా? దావ తప్పినాను," అన్నాడు నాయన, గోతం పిండుకుంటూ.

"గాలికి ఆరిపోయింది నాయనా," అన్నాను.

గూడూరు స్టూడియోలో రీలు కడిగించాక చూశాను. ఆకాశం నిండా మెరుపు పడింది. కింద ఒక మూల గోతం కప్పుకున్న మనిషి, వెనక గేదె, మనిషికి అడుగు దూరంలో నల్లగా బావి. ఆ మెరుపు వెలుగులో బావి కనబడబట్టే నాయన ఆగిపోయాడు. బావి సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, లాంతరు సంగతి నేను ఆయనకు చెప్పలేదు. ఆయన పోయి ఇన్నేళ్ళయినా ఆ ఫోటో నా బైబిలు పేజీల మధ్యే ఉంది.

ఇప్పుడు ఆ బావి పూడ్చేశారు, ఆ దారంతా వీధి దీపాలే. ఫోటో కోసం దీపం ఆర్పే పని లేదు, ఇంటి దీపం చూసుకుని నడిచొచ్చే మనిషీ లేడు. మనవరాలు తను తీసిన మెరుపును చూపించి బాగుందా తాతయ్యా అని అడిగింది. బాగుందమ్మా అంటూనే, ఫోటో అడుగున చీకట్లో మనిషెవరైనా ఉన్నాడేమోనని వెతికాను.