తాడు దగ్గర పూలి ఆట

పినపాక పక్క తండాలో పుట్టిన పూలి లెక్కలకు భయపడి బడి మానేసింది గానీ, స్టీరింగు ముందు దేనికీ భయపడలేదు. పెళ్లయిన ఏడాదికే మామ ట్రాక్టరు ఎక్కి పొలం దున్నేసింది. ఆమె దాన్ని రివర్సులో ఇంటిదాకా తెస్తుంటే చూసి తండా కోళ్లు కూడా వెనక్కి నడిచాయంటారు. కోళ్లను అడిగినవాళ్లు లేరు.

ఇప్పుడు ఆమెకు సొంత జీపుంది. మణుగూరులో లాడ్జి నడిపే శివ, పట్నం టూరిస్టులను గుట్టమీది కోయగూడేనికి పంపుతాడు. ఈ ఏడు ఆ ట్రిప్పులన్నీ ఒక్క డ్రైవరుకే ఇస్తానన్నాడు. కావాలన్నది ఇద్దరు: పూలి, కోటేష్.

"భూమి పండుగకు గూడెంల కొమ్ములాట ఉన్నది. మొదలయ్యేలోపు ముందుగాల ఎవరు టూరిస్టులను చేరుస్తరో, ట్రిప్పులు వాళ్లయే," అన్నాడు శివ.

"గుట్ట ఎక్కుడంటే రొట్టెలు చేసుడు గాదు పూలక్కా," అన్నాడు కోటేష్.

"అవ్ తమ్మీ. రొట్టె మాడితే ఇంకోటి చేసుకోవచ్చు. నువ్వు జల్దీ పో, ఎన్కనే వస్త."

తొలకరికి తడిసి టేకుచెట్లు నిగనిగలాడుతున్నాయి. మలుపు తిరిగినప్పుడల్లా గోదావరి ఒకసారి కుడిపక్క, ఒకసారి ఎడమపక్క మెరిసింది. ఆ ఎత్తులో, పూలి జీపు వెనక సీట్లో కూర్చున్న పట్నం టూరిస్టు సువర్ణ మేడంకు ఆకాశం తప్ప ఏమీ కనిపించలేదు. మబ్బుతునక ఒకటి కిటికీలోంచి ఎక్కి, కిరాయి ఇవ్వకుండానే తర్వాతి మలుపులో దిగిపోయింది.

సగం గుట్ట మీద దారికి అడ్డంగా తాడు కట్టి ఉంది. పండుగ రోజుల్లో గూడెం మగవాళ్లు వేటకు పోతారు, దారి ఆడవాళ్లది. బండి దిగి ఒక ఆట ఆడనిదే ఎవరినీ వదలరు. ముందు చేరిన కోటేష్ దిగకుండా హారన్ మీద చెయ్యి పెట్టాడు.

"టూరిజం బండి! పక్కకు జరుగుండ్రి!"

ఆ ఆడవాళ్ల పెద్ద ఆదెమ్మ అతని బండి తాళంచెవి లాగి కొంగున ముడేసుకుంది. "పండుగ పూట మా మీద హారన్ కొడ్తవారా? ఆడు, అప్పుడిస్త."

"నేను డ్రైవర్ని, ఆడెటోణ్ణి గాదు!" కోటేష్ చేతులు కట్టుకుని బిగుసుకున్నాడు.

అంతలో పూలి వచ్చి ఆగింది. పైనుంచి డోలు చప్పుడు అప్పుడే వినిపిస్తోంది. ఆలస్యమైతే ట్రిప్పులు పోయినట్టే. పెళ్లినాటి నుంచి ఆమె కాలు బ్రేకు మీద తప్ప ఆట మీద పడలేదు. అయినా చెప్పులు విడిచి దిగింది.

"పెద్దమ్మా, మీ ఆట నాకు రాదు."

"మీ తండా ఆట మర్చినవా ఏంది? గదే ఆడు బిడ్డా. నీ కాళ్లల్ల దమ్మెంతో చూస్తం."

పూలి చప్పట్లు కొడుతూ, నడుము వంచి గిర్రున తిరిగింది. మోకాలి పట్టీ సంగతే మరిచి సువర్ణ మేడం కలిసింది. కోయ ఆడవాళ్లు చేతులు చేతులు పట్టుకుని వాళ్ల చుట్టూ వలయం కట్టారు. ఆ అడుగుల దెబ్బకు గుట్ట జానెడు కుంగిందట. ఎక్కేవాళ్లకు అప్పటినుంచి కాస్త సులువైందట.

తాడు లేచింది. కోటేష్ జీపును తప్పించి పూలి ముందుకు పోయింది. ఆఖరి ఎత్తులో ఎర్రబురదకు చక్రాలు జారాయి. ఆడినవాళ్లే కేకలేస్తూ పరుగెత్తుకొచ్చి వెనక నుంచి నెట్టారు.

"మాతోని ఆడిన బండి ఆగుతదా! పోనియ్ పిల్లా!"

పూలి ఫస్టు గేరులో ఒక్క ఊపున పైకి లేపింది. వేట నుంచి తిరిగొచ్చి, కొమ్ముల తలపాగాలు పెట్టుకున్న మగవాళ్లు అప్పుడే వరుస కడుతున్నారు. సువర్ణ మేడం సిగ్నలున్న బండ ఎక్కి శివకు ఫోన్ చేసింది.

"పూలక్క వచ్చేసింది! మీ ట్రిప్పులన్నీ ఆమెకే!"

కింద తాడు దగ్గర ఆడవాళ్లు పగలబడి నవ్వడం వినిపించింది. కోటేష్ చివరికి జీపు దిగి ఆడుతున్నాడన్నమాట. పూలి గుట్ట అంచుకు పోయి తొంగిచూసింది.

"ఇంకా వంగాలె తమ్మీ!" అని అరిచి, కొంగు బిగించి డోళ్ల నడుమకు ఉరికింది.