నరసక్క వేలిముద్ర

మా రాయచెర్లులో భూమి ఉన్నవాళ్ళ పొలాల్లో సోలార్ పలకలు పరిచారు. వాళ్ళకు ఏటా కౌలు వస్తుంది. సెంటు భూమి లేని నరసక్కకు మిగిలింది కొండ కింది గోమాళం. ఊరి పశువుల మేతకని తాతల కాలం నుంచి వదిలిన బీడు అది. మొగుడు పోయాక ఇరవై రెండు గొర్రెలను ఆ బీట్లోనే మేపుకుంటూ ఇల్లు నడిపిన మనిషి ఆమె. పొద్దున్నే మందను తోలుకుపోతూ నా అంగడి ముందు ఆగి, "ఓబన్నా, సగం గ్లాసు టీ పొయ్యప్పా" అనేది. నిలబడే తాగేది. కూర్చుంటే గొర్రెలు ఎవరి చేలో పడతాయోనని భయం.

పోయిన పంచాయతీ ఎన్నికల్లో మల్లేశప్ప పర్యావరణం జపం పట్టుకున్నాడు. మెంబరుగా గెలిపిస్తే ఊరిని పచ్చగా చేస్తానని ఇల్లిల్లూ తిరిగాడు. పచ్చదనం ఎవరికి చేదు? నేనూ ఓటేశాను, నరసక్కా వేసింది.

గెలిచిన ఏడాదికి గ్రామసభ పెట్టాడు. సభకు వచ్చినట్టు పుస్తకంలో సంతకాలు పెట్టమన్నారు. పేజీ పైసగం ఖాళీగా ఉంది. చదువురాని నరసక్క వేలిముద్ర వేసింది. పదో తరగతి దాకా చదివిన నేనూ నోరు మూసుకుని గీకేశాను.

నెల తిరగకముందే గోమాళం చుట్టూ ముళ్ళకంచె లేచింది. లోపల ఐదువందల మొక్కలు నాటి ఫొటోలు దిగారు. ఇదేందని అడగబోయిన నరసక్కకు మల్లేశప్ప ఆ పుస్తకమే తెరిచి చదివి వినిపించాడు. గోమాళంలో వనం పెంచడానికి ఊరంతా ఒప్పుకున్నట్టు ఆ ఖాళీలో రాసుంది. కింద ఆమె వేలిముద్ర.

"అంతా పర్యావరణం కోసమే కదక్కా" అన్నాడు.

"నా గొర్రెలు ఆ పర్యావరణం కిందికి రావాప్పా? వాటిని యాడ మేపేది?"

మల్లేశప్ప పుస్తకం మూసి చంకన పెట్టుకుని పోయాడు. ఆ మొక్కలకైనా ఒక్క ట్యాంకరు నీళ్ళు పోసిన పాపాన పోలేదు. ఎండాకాలం దాటకుండానే అన్నీ మాడిపోయాయి. కంచె మాత్రం నిక్షేపంగా ఉంది. ఎండుపుల్లలకు కాపలా, గొర్రె లోపల మూతి పెడితే జరిమానా! సిగ్గుండాలి. మేత లేక ఒక్కొక్కటే అమ్ముకుంటూ వస్తే ఆమె మంద తొమ్మిదికి దిగింది.

మళ్ళీ ఎన్నికలు రెండు నెలల్లో ఉన్నాయనగా మల్లేశప్ప ఇంకో సభ పెట్టాడు. పచ్చని ఊరు, రెండో విడతట. పుస్తకం ముందుగా నరసక్క దగ్గరికి వచ్చింది. ఆమె చేతిని కొంగులో చుట్టుకుని, పుస్తకాన్ని నా ముందుకు తోసింది.

"ఓబన్నా, పైన ఏం రాసుండాదో చదువు."

"ఏమీ లేదక్కా. ఖాళీ."

"అట్లయితే కంచె తీసేస్తామని రాయమను. రాసినాంక చదివి చెప్పు, అప్పుడు ఏలిముద్ర ఏస్తా."

మల్లేశప్ప నవ్వాడు. "ఇది ఉత్త హాజరే కదక్కా."

"పోయినతూరీ హాజరే అన్నావు. నా పదమూడు గొర్రెలు యాడికి పోయినాయి? చెప్పు!"

ఆమె పక్కనే కూర్చుని అప్పటికే వేలికి సిరా పూసుకున్న కరియమ్మ ఆ వేలిని గోడకు తుడిచేసింది. నేను పెన్నుకు మూత పెట్టాను. ఒక్కరూ సంతకం చేయలేదు. పుస్తకంలో చాలినంత హాజరు లేదని, సభకు వచ్చిన పంచాయతీ అధికారి వాయిదా వేసి వెళ్ళిపోయాడు.

మరునాడు పొద్దున నరసక్క తొమ్మిది గొర్రెలతో అంగడి ముందు ఆగింది.

"గెలిచినావు కదక్కా" అన్నాను, హుషారుగా.

"గెలిచేదేంది? కంచె అట్లే ఉండాది." గ్లాసు అందుకుని నా మొహంలోకి చూసింది. "నాకైతే సదువు రాదు. పోయినతూరి పుస్తకంలో పైన ఖాళీగా ఉండాదని నీకు తెలుసు కదప్పా. నాకు ఎందుకు చెప్పలా?"

ఆ రోజు గ్లాసు నిండా పోశాను. ఆమె సగమే తాగి, మిగతాది బల్ల మీద పెట్టి గొర్రెల వెంట వెళ్ళిపోయింది.