వార్సా నుంచి లిస్బన్‌కు ఎంత దూరం

ఒమన్‌లోని దుక్మ్‌లో మా కంపెనీ క్యాంపుకు నేను టైమ్‌కీపర్‌ని. ఎవరు డ్యూటీకి వచ్చారో, ఎవరు సెలవులో ఉన్నారో రాసుకోవడం నా పని. మాది గోదావరి వైపు. క్యాంపులో మిగతా తెలుగువాళ్లంతా జగిత్యాల, నిజామాబాద్ వైపువాళ్లే. యూరప్ చూసొచ్చినవాడినని వాళ్లకు నేనంటే గౌరవం. నిజానికి పాత ఉద్యోగంలో ఒకసారి విమానం మారడానికి ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టులో ఆరు గంటలు కూర్చున్నాను. చెప్పగా చెప్పగా ఆ ఆరు గంటలు ఆరు నెలలయ్యాయి.

ఒక శుక్రవారం మెస్‌లో అన్నం తింటుంటే కాంక్రీటుకు చెక్క అచ్చులు బిగించే షట్టరింగ్ కార్పెంటర్ ఒకతను నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. నెమ్మదస్తుడు. అవసరమైతే తప్ప మాట్లాడడు.

“మా అన్న లిస్బన్ల ఉంటడు సార్, హోటల్ల వంటపని. మొకం చూసి ఏడేండ్లయింది. నాకు ఏజెంటు రెండు పనులు చెప్తున్నడు. పోర్చుగల్ అయితే ఆర్నెల్లు ఆగాలె. పోలండ్ అయితే వచ్చే నెలనే పోవచ్చు. వార్సాల దిగితే అన్న కాడికి ఎంత దూరముంటది? మీరు తిరిగొచ్చిన్రు గదా.”

ఫోన్ నా కంచం పక్కనే ఉంది. చూసి చెప్పడం రెండు నిమిషాల పని. కానీ బల్ల చుట్టూ ఉన్న నలుగురూ నా ముఖంలోకే చూస్తున్నారు.

“ఎంతోలేదయ్యా. విమానంలో గంటన్నర. బస్సులోనైనా మనం ఇక్కణ్ణుంచి మస్కట్ వెళ్లినట్టే ఆరేడు గంటల్లో వెళ్లిపోవచ్చు” అన్నాను.

“గట్లయితే లీవు దొరికినప్పుడల్లా పోయి రావచ్చు” అంటూ నవ్వాడు. అతను నవ్వగా చూడటం నాకదే మొదటిసారి. మర్నాడే ఏజెంటుకు పోలండ్ అని చెప్పేశాడు.

అతను వెళ్లిన అయిదు నెలలకు ఒక మధ్యాహ్నం సైట్ ఆఫీసులో ఉండగా ఫోన్ చేశాడు. వెనక బస్సుల చప్పుడు.

“అన్న మెట్ల మీదికెళ్లి పడ్డడు సార్. కాలు ఇరిగింది, ఆపరేషన్ చేసిన్రు. నాకు మూడు దినాల లీవిచ్చిన్రు. బస్టాండ్‌కొస్తే పోనీకే రెండు దినాలు దాటుతదంటున్నరు. నాకు అడుగుడు రాలేదో ఏమో. మీరు ఏ బస్సుకు పోయిన్రు సార్?”

అప్పుడు చూశాను కంప్యూటర్‌లో, అతన్ని లైన్లో ఉంచి. విమానంలోనే నాలుగు గంటల పైన. రెండువేల ఏడువందల కిలోమీటర్లు. మస్కట్ నుంచి హైదరాబాద్ అంతకంటే దగ్గర. ఎదురుగా ఎవరూ లేకపోయినా చెవులు వేడెక్కాయి.

“నేను ఏ బస్సూ ఎక్కలేదు. ఆ ఊళ్లు నేను చూడలేదు. ఎయిర్‌పోర్టులో కూర్చుని వచ్చేశాను, అంతే. ఆ రోజు తెలియకుండానే చెప్పాను” అన్నాను.



“ఎర్క లేదంటే పోర్చుగల్‌కే ఆర్నెల్లు ఆగుతుంటి గద సార్” అన్నాడు. గొంతులో కోపం లేదు. తిడితే బాగుండుననిపించింది. విమానం టికెట్లు చూసి పెడతానన్నాను. “వద్దు సార్, ఈడ మావోళ్లనే అడుగుత” అని పెట్టేశాడు.

అప్పటికప్పుడు విమానం టికెట్టు కొనే డబ్బు లేక ఆ సెలవులో అతను వెళ్లలేకపోయాడు. వాళ్లన్నను రూమ్‌లో ఉండే నేపాలీలు చూసుకున్నారని తర్వాత తెలిసింది. అన్నదమ్ములు కలుసుకునేసరికి మరో ఎనిమిది నెలలు పట్టింది. ఆ రోజు అతను నాకొక ఫొటో పంపాడు. అన్న చేతికర్ర పట్టుకుని నిలబడ్డాడు, తమ్ముడు అతని భుజం పట్టుకున్నాడు. కింద మాటేమీ రాయలేదు. నేను రెండు మూడుసార్లు ఏదో రాయబోయి చెరిపేశాను. చివరికి బొటనవేలి బొమ్మ ఒకటి పంపి, ఫోన్ బోర్లించి, హాజరు పట్టీ ముందుకు లాక్కున్నాను.