టీచరమ్మ సాలు

హిందూపురంలో మా మట్టి పరీక్షల గదికి వానాకాలం ముందు గుడ్డసంచులు కుప్పలుగా వస్తాయి. చేని నాలుగు మూలలా తవ్వి, కలిపి, ఆరబెట్టి పంపమని రైతులకు చెబుతాం. మొన్న ఒక సంచి మూతి విప్పగానే తడిసిన ఎర్రమట్టి వాసన గుప్పుమంది. వాన వెలిసీ వెలియకముందే ఎవరో తొందరపడి తీసి పంపినట్టున్నారు. చీటీ చూస్తే చెన్నేకొత్తపల్లి. నా చేయి నన్ను అడగకుండానే సంచిలోకి వెళ్లి, పిడికెడు మట్టి తీసి గట్టిగా అదిమింది. పక్క బల్ల దగ్గర పనిచేసే ఆయన నవ్వాడు. "ఏం మేడం, ఇన్ని మిషన్లు పెట్టుకొని మళ్లీ పిడికిలేనా?" అన్నాడు. నవ్వితే నవ్వనీ. ఈ పిడికిలి విద్య నాకు మా అవ్వ నేర్పింది. అది గర్వపడాల్సిన విద్య అని నేర్పింది మాత్రం, అప్పటిదాకా చేనిలో కాలు పెట్టి ఎరగని ఒక ఇంగ్లీషు టీచరు.

నాగరత్నమ్మ టీచరుది ధర్మవరం. మగ్గాల ఇంట్లో పుట్టింది. ఇంటి నిండా పట్టుచీరలు నేస్తున్నా ఆమె మాత్రం గంజి పెట్టిన నూలుచీర తప్ప కట్టేది కాదు. రోజూ బస్సులో చెన్నేకొత్తపల్లి బడికి వచ్చేది. సన్నటి మనిషి, గొంతు మాత్రం గేటు దాకా వినిపించేది. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే మాకు ఇంగ్లీషు అంటే చలిజ్వరం. పాఠం చదవమని లేపితే నిలువునా వణికేవాళ్లం. కొన్నాళ్లు చూసింది. ఒకనాడు పుస్తకం మూసేసి, "రేపు అందరూ మీ చేని మట్టి పిడికెడు మూట కట్టుకొని రండి" అంది. ఆమెకు ఏమైనా అయిందేమో అని మాలో మేము గుసగుసలాడుకున్నాం.

మరునాడు బల్ల మీద ముప్పై మూటలు పోగయ్యాయి. నలుపు, ఎరుపు, బూడిదరంగు, సున్నం కలిసినట్టుండే తెలుపు. ఆమె నీలం అట్ట నోటుపుస్తకం తెరిచి, "మీ మట్టి గురించి నాకు తెలీని మాట ఒకటి మీరియ్యాల. దానికి బదులు నేనొక మాటిస్తా" అంది. అదీ ఆమె పద్ధతి. ఊరికే ఇచ్చేది కాదు, ఊరికే పుచ్చుకునేది కాదు. ఒకడు చౌడు అన్నాడు. వాడికి టెర్రా అనే లాటిన్ మాట దొరికింది. టెర్రా అంటే నేల. ఒకరి ఏలుబడిలో ఉన్న నేల టెరిటరీ. మట్టి పోసి ఎత్తు చేసిన చోటు టెర్రస్. నేలల నడుమ చిక్కుకున్న సముద్రం మెడిటరేనియన్. ఎలుకలనూ కుందేళ్లనూ తరుముకుంటూ బొరియలోకి దూరే కుక్క టెర్రియర్. "మా కుక్క కూడా దూరుతాది మేడం!" అని వాడు అరిస్తే, "అయితే ఇంటికి పోయి దానికీ చెప్పు" అంది. ఆ రోజు మా తరగతిలో మొదటిసారి ఇంగ్లీషు పీరియడులో నవ్వులు వినిపించాయి.

నా వంతు వచ్చేసరికి నాకు తల కొట్టేసినట్టయింది. నా మూటలో మట్టి కంటే రాళ్లే ఎక్కువ. "మా చేనిలో ఏముండాది మేడం, రాళ్లు తప్ప" అన్నాను. ఆమె కూర్చోమనలేదు. ఎదురుచూస్తూ నిలబడింది. చివరికి నోట్లోంచి పదును అనే మాట వచ్చింది. అంటే ఏమిటని అడిగింది. "వాన పడినంక మట్టిని పిడికిట్లో అదిమితే ముద్ద కావాల. ముద్దను నడుమెత్తు నుంచి ఇడిస్తే పొడి పొడిగా పగలాల. ముద్ద కాకుంటే తడి చాల్లేదు, పగలకుంటే తడి ఎక్కువైంది. మా అవ్వ అట్ల చూసినంకనే శెనక్కాయలు ఇత్తుతాం."

"అది ఎన్ని దినాలుంటాది?"

"మా ఎర్రనేలలో ఎండ కాస్తే రెండే దినాలు మేడం. అది పోతే మళ్లీ వాన పడేదాకా ఇత్తనం లేదు."

ఆమె ఆ మాట రాసుకొని, కింద రెండు గీతలు గీసి, పక్కన నా పేరు రాసింది. "అంజనమ్మా, దీనికి ఇంగ్లీషులో ఒక్క మాట నాకు తెలిసి లేదు. నాలుగు మాటలు కూడేసి చెప్పాల్సిందే" అంది. తర్వాత బదులుగా నాకు హ్యూమస్ ఇచ్చింది. లాటిన్‌లో అది కూడా మట్టే. ఆ మట్టికి దగ్గరగా, అణగి ఉండేవాడు హంబుల్. మట్టిలో పెట్టినదాన్ని మళ్లీ వెలికి తీయడం ఎగ్జ్యూమ్. మనిషిని హ్యూమన్ అనే మాట కూడా ఆ ఇంటి చుట్టమే అని పెద్దలు చెబుతారు అంది. నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను. సముద్రాల అవతల, ఎప్పుడో మట్టిలో కలిసిపోయిన మనుషులు కూడా మనిషి అన్నప్పుడు మట్టినే తలుచుకున్నారా? నా మూటలోని రాళ్ల వైపు మళ్లీ చూశాను. ఈసారి సిగ్గు వేయలేదు.

మాటలైతే వచ్చాయి గానీ పరీక్ష రాలేదు. పదో తరగతిలో ఇంగ్లీషు ఒక్కటే తప్పాను. మా నాయన కోపం చేసుకోలేదు, అదే నాకు భయం. "సప్లిమెంటరీ రాయి. ఈసారి తప్పితే గొర్రెల ఎనక పోవాల్సిందే" అని తేల్చేశాడు. ఎండాకాలమంతా ధర్మవరంలో టీచరు ఇంటికి పోయి చదువుకున్నాను. నట్టింట్లో మగ్గం చప్పుడు, దాని పక్కన మేము. ఒకనాడు ఆమె పిల్‌గ్రిమ్ అనే మాట ఇచ్చింది. దాని పుట్టుకలో అగర్ అనే లాటిన్ మాట ఉంది, అంటే చేను. అగ్రికల్చర్‌లో ఉన్నదీ అదే. పిల్‌గ్రిమ్ అంటే ఇప్పుడు యాత్రికుడు, మొదట మాత్రం చేలు దాటి వచ్చినవాడు, పరాయి నేల మనిషి.

"లేపాక్షికి బస్సుల్లో వస్తారే, వాళ్లా మేడం?"

"వాళ్లే. బస్సులు లేనప్పుడు చేలకడ్డంబడి నడిచొచ్చినోళ్లు" అంది.

పరీక్ష పెనుకొండలో. సరిగ్గా ముందురోజు సాయంత్రం వాన దంచికొట్టింది. ఊరంతా సంబరపడితే నేను మాత్రం గోడకు ఆనుకొని కూర్చున్నాను. తెల్లవారగానే అవ్వ మట్టి అదిమి, వదిలి చూసి, "పదునైంది" అంది. మాకు ఎద్దులు లేవు. పక్కూరాయన తన ఎద్దులూ విత్తే గొర్రూ ఆ ఒక్క పూటకే ఇస్తానన్నాడు. ఆ గొర్రుకు మూడు సాళ్లు, వెనక విత్తనం వదలడానికి ముగ్గురు ఆడవాళ్లు కావాలి. అవ్వ, అమ్మ, నేను. ఊళ్లో ప్రతి మనిషీ తన చేనిలోనే ఉన్నాడు. నాయన నా వైపు చూడకుండా, "పరీక్ష మళ్లీ వస్తాది, పదును రాదు" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే కాబట్టి ఇంకా ఏడుపొచ్చింది.

ఒడిలో విత్తనాలు పోసుకుంటుండగా దూరంగా గట్ల మీద ఒక మనిషి కనిపించింది. చెప్పులు చేతిలో పట్టుకొని, బురదలో జారుతూ, చేలకు అడ్డంబడి వస్తోంది. మొదటి బస్సు పట్టుకొని రోడ్డు మీద దిగి, దారి తెలియక, కనిపించిన ప్రతివాళ్లనూ మా చేను ఎక్కడని అడుగుతూ వచ్చింది నాగరత్నమ్మ టీచరు. గంజి చీర మోకాళ్ల దాకా ఎర్రగా అయింది.

"ఏమ్మా, ఇట్లొచ్చినావు?" అన్నాడు నాయన నోరు తెరిచి.

"నిన్న మా ఊర్లోనూ వాన పడిందన్నా. పదునైతే నువ్వు బిడ్డను పంపవని అనుకున్యా. పదును సంగతి నీ బిడ్డే చెప్పిండాది నాకు." చీర చెంగు నడుముకు దోపి ఒడి పట్టింది. "ఆ పిల్ల చేసే పని నేను చేస్తా. దాన్ని పంపించు."

"నీకేం తెలుస్తాదమ్మా ఇది?"

"తెలీదు. అవ్వా, నువ్వు చెప్పు, నేర్చుకుంటా."

అవ్వ ముందు ఆమె అలా చేతులు చాచి నిలబడటం నేను చచ్చేదాకా మరిచిపోను. మాకు అంత ఇంగ్లీషు చెప్పిన మనిషి, ఒక్క అక్షరం రాని మా అవ్వను విత్తనం ఎలా వదలాలో అడుగుతోంది. అవ్వ ఆమె బొటనవేలును పట్టుకొని, గింజ ఎలా జారాలో చూపించింది. నాయన తల తిప్పుకొని కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "పో పాపా, బస్సు పోతాది" అన్నాడు. పరిగెత్తాను. ఆ రోజు ప్రశ్నలు ఏమి అడిగారో గుర్తులేదు. నా గోళ్లలోని ఎర్రమట్టి జవాబు కాగితానికి అంటుకోవడం గుర్తుంది. అది తుడవలేదు. పాసయ్యాను.

వారం తిరిగాక చేను మొలిచింది. మూడు సాళ్లకు ఒక సాలు మాత్రం గింజ మీద గింజ పడి, ఇరుకిరుగ్గా, పిల్లలు తోసుకుంటున్నట్టు మొలిచింది. టీచరమ్మ విత్తనాన్ని ధారాళంగా పోసేసింది. మొక్కలు పీకి పలచన చేద్దామని నాయన వంగితే అవ్వ గయ్‌మంది. "అది టీచరమ్మ సాలు. దాని జోలికి పోతే చూడు!" ఆ ఏడాది ఆ సాళ్లలో కాయ తక్కువే కాసింది. అయినా ఆ కాయలు వేరుగా ఒలిచి, వేయించి, అవ్వే ధర్మవరం పోయి ఇచ్చి వచ్చింది.

పోయిన వానాకాలంలో టీచరు పోయిందని కబురు వస్తే హిందూపురంలో ధర్మవరం రైలెక్కాను. పెనుకొండ కొండ కిటికీలో కనిపించినప్పుడు ఆపుకోలేకపోయాను. వాళ్లలో పూడ్చడమే ఆచారం. అందరితోపాటు నేనూ మూడు పిడికిళ్ల మట్టి వేయడానికి వంగాను. ముందురోజు వాన పడిందేమో, మట్టి తడిగా ఉంది. తెలియకుండానే అదిమాను, ముద్దయింది. వదిలాను. ఆమె మీద పడి, పొడి పొడిగా పగిలింది.

"పదునుగా ఉండాది మేడం" అన్నాను పైకే. పక్కనున్నవాళ్లు నా వైపు వింతగా చూశారు.

మా రిపోర్టులు ఇంగ్లీషులోనే రాయాలి. మొన్నటి చెన్నేకొత్తపల్లి సంచికి కూడా తడి గురించి నాలుగు ఇంగ్లీషు మాటలు కూడేసి రాశాను. తర్వాత దాని కింద తెలుగులో పదును అని రాసి, ఆమె గీసినట్టే రెండు గీతలు గీశాను.