ముందు అంకె చెప్పాలి

లష్కరు బాబాయి పోయారని ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను నవ్వాను. సిగ్గుపడాల్సిన సంగతే, కానీ జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మా ఇద్దరి మధ్యా ఏళ్ల తరబడి నడిచిన ఆటపట్టింపుల్లో ఆయన అప్పటికే రెండుసార్లు చచ్చిపోయారు. ఒకసారి నా పుట్టినరోజుకి, ఇంకోసారి నేను ఆయన చెప్పులు దాచినందుకు.

"బాబాయికి ఇవ్వమ్మా ఫోను. ఈసారి ఏడుపు బాగా నేర్పాడు నీకు" అన్నాను.

"నిజమే అన్నా. పొద్దున టీ తాగుతూ అలాగే కుర్చీలో..." అంది. "ఊళ్లో అత్తకి నువ్వే చెప్పాలి. నేనైతే సగంలో ఏడ్చేస్తాను. ఆవిడ తట్టుకోలేదు" అంది.

అత్త అంటే బాబాయి అక్క. కృష్ణ మీది డ్యామ్ నుంచి వచ్చే కాలువకు చిట్టచివర, టెయిలెండ్‌లో, ఆవిడకో ఎకరం ఉంది. ఆ ఎకరం వల్లే నాకూ బాబాయికీ స్నేహం ముదిరింది.

అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊళ్లో, మా అపార్ట్‌మెంట్లలో రాయి విసిరితే ఇంజనీరు మీద పడుతుంది. అందరూ డిగ్రీల మీద డిగ్రీలు చేసినవాళ్లు. టెన్త్ రెండుసార్లు రాసి, మా అక్క పెట్టిన గ్రీన్‌కార్డు పిటిషన్ మీద వచ్చి, ఇండియన్ గ్రాసరీ షాపులో బెండకాయలు సర్దుకునేవాణ్ని నేనొక్కణ్నే. అలాంటి చోటికి బాబాయి దిగారు. మొదటి గెట్‌టుగెదర్‌లో ఆయన అల్లుడు, "మా మావయ్యగారు ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యారు" అని పరిచయం చేశాడు. "ఓ, ఇంజనీరా అంకుల్?" అన్నారెవరో.

"కాదు బాబూ, లష్కర్ని. కాలువ మీద షట్టర్లు ఎత్తేవాణ్ని, దించేవాణ్ని. ఇంజనీరు కాగితం మీద పారిస్తాడు నీళ్లు, నేను పొలంలోకి పారించాను" అన్నారు బాబాయి.

అల్లుడి మొహం చూడాలి! నేను మాత్రం ఆ క్షణమే వెళ్లి ఆయన పక్కన కుర్చీ వేసుకున్నాను.

ఆయన వచ్చాక మా భోజనాల తీరే మారిపోయింది. అంతకుముందు బిర్యానీ ముందున్నవాళ్ల ప్లేట్లలోనే అయిపోయేది. బస్సు పట్టుకుని ఆలస్యంగా వచ్చే మాస్టర్స్ స్టూడెంట్లకి మిగిలేది పెరుగన్నమే. రెండోసారికే బాబాయి గరిటె లాక్కుని లైన్ చివరికి వెళ్లి నిలబడ్డారు. "నీళ్లు తక్కువున్న ఏడాది చివరి చేను నుంచి తడుపుకు రావాలి. ముందున్నవాడు ఎలాగూ దొంగతనంగా తూము పెట్టుకుంటాడు" అన్నారు. ముందు నిలబడ్డ డాక్టరుగారు నవ్వలేక నవ్వారు. ఆయన వాటా ఆరోజు రెండు ముక్కలు, బోలెడంత ఉల్లిపాయ.

మా బిల్డింగుల వెనక వాననీరు చేరే చెరువొకటుంది. బాబాయి నన్ను ఓ చెక్క తెమ్మని, దాని మీద అడుగులు, అంగుళాలు నల్లరంగుతో గీసి, ప్యాంటు మడిచి దిగి, అందులో పాతారు. మెయింటెనెన్స్ చేసే తెల్లాయన వచ్చి ఇదేమిటని అడిగితే "గేజ్" అన్నారు. "ఎందుకు?" అంటే, "నీళ్లున్నాయి కాబట్టి" అన్నారు. ఆయనకున్న ఇంగ్లీషుకి అంతకన్నా మంచి జవాబు రాదు. ఆ తెల్లాయన కూడా తర్వాత పెద్ద వానలొస్తే, "హలో గేజ్, ఎంతుంది?" అని ఈయన్నే అడిగేవాడు. మొదటి చలికాలం చెరువు గడ్డకట్టినప్పుడు బాబాయి గట్టున నిలబడి, "ఒరేయ్, మొత్తానికి ఎవడ్రా షట్టర్ వేసింది?" అని నామీద అరిచారు.

రోజూ పొద్దున ఫోన్ కార్డు గోకి అక్కకి ఫోన్ చేసేవారు. ఈయన చెరువు అంకె చెప్పాలి, ఆవిడ కాలువ అంకె చెప్పాలి. తర్వాత డ్యామ్ మీద గేజు చదివే పాత స్నేహితుడికి ఫోన్. ఆ డ్యామ్ నీటిమట్టం మా మెయిల్ బాక్సుల దగ్గర అందరికీ ప్రకటన. వానల్లేక డ్యామ్ అడుగంటిన ఏడాది అది. ఆ అంకె రోజూ ఇంత దిగేది, దానితోబాటు ఆయన గొంతూ దిగేది.

అప్పుడే నాకు దురద పుట్టింది. బాబాయికి ఫోన్ కలిపి, షాపులో కూరలు కడిగే సింకు కుళాయి పూర్తిగా తిప్పి, ఫోన్ దాని దగ్గర పెట్టి, ముక్కుతో మాట్లాడాను: "అయ్యా, డ్యామ్ మీంచి మాట్లాడుతున్నా. కాలువకి నీళ్లు వదిలారయ్యా!"

"అబ్బ! ఎంత చల్లని కబురు చెప్పావు నాయనా!" అన్నారాయన.

గంట తర్వాత షాపుకి నడిచొచ్చారు. మొహం వెలిగిపోతోంది. "అక్కకి ఫోన్ చేశానురా. ఉన్న వడ్లన్నీ నానబెట్టి, మొలకెత్తేలా మండె కట్టమన్నాను. ఎల్లుండి నారుమడిలో చల్లేస్తుంది."

నా చేతిలో బెండకాయలు కింద పడ్డాయి. నాకు చదువు రాకపోయినా సేద్యం తెలుసు. మొలకెత్తిన విత్తనం పొడిమట్టిలో పడితే ఏమవుతుందో తెలుసు. ఆవిడ దగ్గర ఇంకో గింజ లేదనీ తెలుసు. కౌంటర్ దగ్గర ఇద్దరు కస్టమర్లు చూస్తుండగా బాబాయి చేతులు పట్టుకుని మొత్తం కక్కేశాను. "ఇప్పుడే ఫోన్ చేయండి బాబాయ్, నీళ్లలో వేయొద్దని చెప్పండి!"

ఆయన తాపీగా ఓ బెండకాయ తీసి, కొన విరిచి చూశారు. "లేతగానే ఉన్నాయి" అన్నారు. "ఒరే సన్నాసీ, డ్యామ్ మీదవాడు ముందు అంకె చెబుతాడు. ఆ తర్వాతే మాట. మంచైనా చెడైనా అంతే. అంకె చెప్పకుండా సంతోషపడ్డావు చూడు, అక్కడే దొరికావు. పైగా అది కుళాయి చప్పుడు. ముప్ఫయ్యేళ్లు కాలువ గట్టున పడుకున్నవాణ్ని, ఆమాత్రం తెలీదా?"

"మరి అత్తయ్యకి ఫోన్?"

"చేశాను. ఇక్కడో కుళాయి వెధవ తయారయ్యాడు, వాడేం చెప్పినా నమ్మకు అని చెప్పాను."

జీవితంలో నన్ను ఏడిపించినవాళ్లు ఇద్దరే. ఇంకొకాయన మా లెక్కల మాస్టారు. బాబాయి వేసిన శిక్ష, నెల్లాళ్లు పొద్దున్నే నేను చెరువు గేజు చూసొచ్చి ఆయనకి చెప్పాలి. చెప్పాను. అక్కకి చెప్పే హక్కు మాత్రం ఆయనదే, దాన్ని ఎవరికీ ఇవ్వలేదు.

వినాయక చవితి దగ్గర పడ్డాక ఓ పొద్దున ఆయన షాపు తలుపు తోసుకుని వచ్చి, డ్యామ్ అంకె చెప్పారు. ఊపిరి తీసుకుని, "వదిలారు" అన్నారు. పప్పుల బస్తా మీద కూర్చుండిపోయారు. నేను కుళాయి తిప్పి గ్లాసుతో మంచినీళ్లిస్తే, "ఇదా, మళ్లీ నీ డ్యామేనా?" అన్నారు.

ఆ తర్వాత రోజుల్లో మా మెయిల్ బాక్సుల దగ్గర వేరే మాట లేదు. "ఇవాళ మన నీళ్లు ఎంతదాకా వచ్చాయి అంకుల్?" అని టై కట్టుకున్నవాళ్లు ఆగి అడిగి మరీ ఆఫీసుకి డ్రైవ్ చేసేవాళ్లు. పైవాళ్లు వంతు దాటి వాడేస్తే అక్క ఎకరానికి చుక్క రాదని ఆయన భయం. కానీ పైన లష్కర్లు నిలబడ్డారు. పక్క చేను రైతు సెల్ ఫోన్ పట్టుకుని అత్తయ్య గట్టు మీద నిలబడ్డ రోజున, బాబాయి ఫోన్ నా చెవికి ఆనించారు. పెద్ద హోరేమీ లేదు. ఎండిన మట్టి మెల్లగా గుటకలు వేస్తున్నట్టుంది.

"ఇదిరా నీళ్ల చప్పుడు" అన్నారు.

ఆ తర్వాత మంచి ఏళ్లొచ్చాయి, చెడ్డ ఏళ్లొచ్చాయి. ఫోన్ కార్డులు పోయి ఐఫోన్లు వచ్చాయి. అంకెలు మాత్రం ఒక్క పొద్దు తప్పలేదు.

బాబాయి కూతురు నాకు చెప్పిన ఆ పొద్దున, ఫోన్ తీసుకుని చెరువు దగ్గరికి నడిచాను. ఎలా చెప్పాలో తెలియలేదు. అత్తయ్య రెండో రింగుకే ఎత్తింది. "ఏరా తమ్ముడూ, ఇవాళ ఆలస్యమైందే?"

"మూడడుగుల రెండంగుళాలు, అత్తయ్యా" అన్నాను.

"నువ్వా, కుళాయి అల్లుడూ?"

"నేనే."

"గేజు నువ్వు చదివావా?"

"నేనే చదివాను."

నేనింకేమీ చెప్పలేదు. ఆవిడ అడగలేదు. చీరచెంగు ఫోన్‌కి రాసుకున్న చప్పుడైంది. తర్వాత తన కాలువ అంకె చెప్పింది. "నిండుగా ఉంది నాయనా. వాడికి చూపించాల్సింది" అంది. "ఉండు" అని, నెమ్మదిగా నాలుగడుగులు వేసి ఫోన్ కాలువ వైపు పట్టుకుంది.

నేనూ నా ఫోన్ చెరువు వైపు పట్టుకున్నాను. ఇక్కడ చప్పుడేమీ లేదు. చెక్క చుట్టూ బాతొకటి తిరుగుతోంది, నీళ్లు మూడడుగుల గీతకి కాస్త పైన కొద్దికొద్దిగా ఊగుతున్నాయి.