కారున్న ఉపాధ్యక్షుడు

ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో నాకు రెండు ఆస్తులుండేవి: అమెరికా చరిత్ర మీద బోలెడు అభిప్రాయాలు, ఒక పాత కారు. జనం నన్ను గౌరవించేది మొదటిదాన్ని చూసేనని అనుకునేవాణ్ణి.

ఆ ఏడు ఉగాది భోజనాల ఏర్పాట్లకు తెలుగువాళ్లమంతా డాక్టరుగారి భార్య ఇంట్లో చేరాం. ఆవిణ్ణి అందరం ఆంటీ అనేవాళ్లం. వంటకు పెద్ద ఆవిడే. ఆవిడకు వీలుకాకపోతే చూసుకోవడానికి రెండో మనిషి కావాలి. వంటలో చేయి తిరిగినదని, ఆస్పత్రిలో నర్సుగా చేసే ఒకమ్మాయి పేరు వచ్చింది. అప్పుడు నేను గంటసేపు (టీ చల్లారేలోపే అయిపోయింది) ఉపన్యసించాను. అంతర్యుద్ధం నడిపిన అమెరికా అధ్యక్షుడు రెండోసారి నిలబడినప్పుడు, పాత ఉపాధ్యక్షుణ్ణి పక్కనపెట్టి, ఓట్లు కలిసొస్తాయని దక్షిణాది మనిషిని పెట్టుకున్నారు. నాటకశాలలో అధ్యక్షుణ్ణి కాల్చేశాక ఆ మనిషే గద్దెనెక్కి, బానిసత్వం నుంచి అప్పుడే బయటపడ్డవాళ్ల హక్కులకు అడ్డం పడ్డాడు. "పాతాయన్నే ఉంచుంటే ఆ దేశం కథే వేరండీ. మొదటి మనిషి లేని రోజును తలుచుకుని రెండో మనిషిని ఎంచుకోవాలి" అని ముగించాను.

అంతా విని ఆంటీ, "అది సరే బాబూ, గుండిగలు నీ కార్లో పడతాయా?" అన్నారు.

పడతాయన్నాను. ఆ అమ్మాయికి కారు లేదు. రెండో మనిషిగా నన్ను ఎన్నుకున్నారు. ఉపన్యాసమే గెలిపించిందని నమ్మాను.

ఉగాది పొద్దున ఆంటీ మెట్ల మీద జారారు. (కాలు విరిగిందని చాలా ఏళ్లు చెప్పాను. బెణికింది, అంతే.) నాకు వచ్చిన వంట ఆమ్లెట్. పండక్కి అద్దెకు తీసుకున్న హాలు వంటగదిలో పులిహోరకని నేను వండిన అన్నం, గరిటె గుచ్చితే నిలబడేంత ముద్దయింది. ఇంకాసేపట్లో పిల్లాపాపలతో జనం వచ్చేస్తారు, పండగపూట పస్తుంటారు. కారేసుకుని నర్సుల హాస్టలుకు పరిగెత్తాను.

"నన్నెందుకొద్దన్నారు?" అంది తలుపు దగ్గరే నిలబడి.

"కారు లేదని."

"మరిప్పుడు?"

"కారే వచ్చిందండీ."

(నవ్విందని మా పిల్లలకు చెబుతుంటాను. నవ్వలేదు, కోటు వేసుకుంది.)

గుండిగలోకి చూసి, నాకేసి చూసి, "ఇది పులిహోరకి రాదు. బెల్లం ఉందా?" అంది. నా ముద్ద చక్రపొంగలి అయింది. పులిహోరకు ఆ అమ్మాయే వేరే అన్నం వండింది. కాలికి కట్టుతో వచ్చి కూర్చున్న ఆంటీ, పొంగలి ఎవరి ఆలోచన అని అడిగితే, నేను వినయంగా తల వంచుకున్నాను. ఆ వినయాన్ని అందరూ అపార్థం చేసుకున్నారు, నేను దిద్దలేదు.

మొన్న మిల్టన్ కీన్స్‌లో మా ఇంట్లో టీవీ ముందు కూర్చుని, ఫలానా ఉపాధ్యక్షుడి బదులు ఇంకొకరుంటే అమెరికా ఎటు పోయేదో మళ్లీ మొదలుపెట్టాను. మా ఆవిడ (ఆ నర్సే) పప్పు ఏరుతూ, తలెత్తకుండా అంది: "ఆ రోజు నన్నే పెట్టుంటే, వండి, తిని, బస్సెక్కి పోయేదాన్ని."

అమెరికా సంగతి ఏమో గానీ, ఉపన్యాసంతో గెలిచాననుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ముచ్చటేస్తుంది. ఆ కారు ఎప్పుడో తుక్కుకు పోయింది. ఉగాదికి గుండిగలు మాత్రం ఇప్పటికీ నేనే మోస్తాను.