బండ్లు లెక్కపెట్టే అమ్మాయి చూపిన దారి

ఈ రోజు పొద్దున పురిటి నొప్పులు పడుతున్న మా పక్కింటి షబానాను పెద్దమందడి నుంచి ఆటోలో వనపర్తి దవాఖానకు తీసుకొచ్చాను. బజారులో రోడ్డుకు రెండు వైపులా ఆపిన బండ్ల వల్ల ఆటో కదలకుండా ఆగిపోయింది.

"అక్కా, ఈడనే అయితదేమో, భయమైతుంది" అంటూ షబానా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఏ వీధిలో ఏ వేళకు ఎన్ని బండ్లు ఆగుతున్నాయో రోజూ ఫోనులో ఎక్కించుకునే మున్సిపాలిటీ అమ్మాయి అది చూసి పరుగెత్తుకొచ్చింది.

"అన్నా, జర ఎడమ సందుల తిప్పు. పదకొండు దాంక ఆడ బండ్లు ఆపరు, నా లెక్కల ఉంది" అని డ్రైవరుకు చెప్పింది.

సందు నిజంగానే ఖాళీగా ఉంది. దవాఖానకు చేరిన కాసేపటికే ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

ఆ బజారులో నేనూ ఎన్నోసార్లు స్కూటీ అడ్డంగా ఆపి వెళ్లాను. మరి మీరు?